వేడి పోయే చోటు

దుకాణంలో కొత్త చొక్కా మడత విప్పి చూసుకునేటప్పుడు, అది అంత నునుపుగా ఎలా వచ్చిందని మనలో ఎవరమూ అడగం. రెడీమేడ్ దుస్తులు కుట్టే ఒక కంపెనీలో, కింది అంతస్తు వెనకవైపు ఇస్త్రీ గది ఉంది. పద్నాలుగు బల్లలు, పద్నాలుగు ఆవిరి ఇస్త్రీపెట్టెలు, ఒక మూల బాయిలర్. చొక్కాకి ఆవిరి పట్టించే మనిషి ఆ ఆవిరిలో తానూ తడవాలి. ఇరవై రెండేళ్ళుగా అలా తడుస్తున్న ఒకామెను ఆ గదిలో అందరూ పెద్దక్క అనేవారు.

తల్లీతండ్రీ పోయేనాటికి ఆమె తమ్ముడికి తొమ్మిదేళ్ళు. వాడికి అన్నీ తానే అయింది. తన పెళ్ళి మాట ఎవరెత్తినా, ముందు వాడొక దారిన పడాలనేది. వాడు దారిన పడేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేకపోయారు. తమ్ముడు ఏసీలు బిగించే పని నేర్చుకున్నాడు. వాడి గురించి పక్క బల్ల దగ్గరుండే బక్కమ్మతో చెప్పుకుని మురిసిపోయేది.

"మావాడు చల్లదనం అమ్ముతాడే."

"మనకీ ఓ గుప్పెడు తెమ్మనవే మరి," అనేది బక్కమ్మ.

ఆ ఏడు కంపెనీవాళ్ళు మూడో అంతస్తులో కొత్త ఆఫీసు పెట్టారు. పదకొండు ఏసీలు కావాలన్నారు. ఆ పని తమ్ముడికే వచ్చింది. కొలతలు చూసుకోవడానికి వెళ్తే, వేడిగాలి వదిలే పెట్టెలు ఎక్కడ తగిలించాలో మేనేజరు దగ్గరుండి చూపించాడు. ముందువైపు అద్దాల గోడ, అందం పాడవుతుంది. మేడ మీద కంపెనీ పేరున్న బోర్డు ఉంది. మిగిలింది వెనక సందు. రెండు బారల వెడల్పు ఉంటుందేమో, ఒక కొసన ప్రహరీ, రెండో కొసన జనరేటరు గది. ఇస్త్రీ గదికున్న మూడు కిటికీలూ ఆ సందులోకే తెరుచుకుంటాయి.

మెకానిక్ అయిన తమ్ముడు తటపటాయించాడు. తనకు తెలిసిన సంగతి తెలిసినట్టుగా చెప్పాడు.

"సార్, ఏసీ చల్లదనాన్ని తయారుచేయదండీ. లోపలి వేడిని తోడి అవతల పోస్తుంది, అంతే. తోడడానికి తిన్న కరెంటు కూడా చివరికి వేడే అయి దాంతోపాటు వచ్చేస్తుంది. పైన ఎంత తగ్గుతుందో కింద అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. ఈ సందులో గాలి కదలదు. అదంతా ఆ కిటికీల్లోకే పోతుంది."

మేనేజరు చెడ్డవాడు కాదు. పండక్కి అందరినీ పేరుపేరునా పలకరించే మనిషే. గాలి వస్తూ పోతూ ఉంటుందనీ, అదే సర్దుకుంటుందనీ అన్నాడు. పని చేయడం కుదరకపోతే ముందే చెప్పమనీ, ఇంకొకరిని పిలుస్తాననీ కూడా నెమ్మదిగానే అన్నాడు.

ఇంటికొచ్చి అక్కకు చెబితే ఆమె నవ్వేసింది. ఇంకొకడు బిగించినా వేడి వేడేననీ, తమ్ముడైతే నాలుగు కాలాలు నిలిచేలా బిగిస్తాడనీ అంది. "నిండా మునిగినవాడికి చలేమిటన్నారు. మాకు చలి బదులు సెగ. అంతేగా తేడా."

అతను బిగించాడు. పని బాగా చేశాడనే చెప్పాలి. మూడో అంతస్తులో కూర్చునేవాళ్ళు నెల తిరక్కుండానే కుర్చీ వీపులకు శాలువాలు తగిలించుకున్నారు.

ఎండాకాలం వచ్చింది. ఇస్త్రీ గదిలో వేడి మూడు దారుల్లో మనిషిని చేరేది. ఇస్త్రీపెట్టెలోంచి పిడిలోకి, పిడిలోంచి చేతికి పాకేది. కిటికీలోంచి గాలితో కలిసి వచ్చి ఒంటిని చుట్టుకునేది. బాయిలర్ నుంచి, ఎండకు కాలిన గోడ నుంచి, మధ్యలో దేన్నీ ముట్టకుండానే ముఖానికి కొట్టేది. చదువుకున్నవాళ్ళు ఈ మూడింటికీ మూడు పేర్లు పెట్టారు. ఆ గదిలో వాటికి పేర్లు లేవు. మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరో ఒకరు గోడకు చేరగిలబడి కూర్చునేవారు, కాసేపాగి లేచేవారు.

పెద్దక్క ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. బక్కమ్మే ఒకరోజు మెకానిక్‌ను దారిలో ఆపి, మీ అక్క రెండుసార్లు వాంతి చేసుకుందని చెప్పింది. మర్నాడు భోజనాల వేళకు అతను థర్మామీటరు పట్టుకుని వచ్చాడు. వీధిలో నలభై ఒకటి. సందులో నలభై తొమ్మిది. గదిలో నలభై నాలుగు. మూడు అంకెలూ కాగితం మీద రాసి మేనేజరు బల్ల మీద పెట్టాడు.

మేనేజరు కాగితం చదివాడు. రెండు రోజుల్లో రెండు పెద్ద ఫ్యాన్లు వచ్చాయి. ఆడవాళ్ళంతా సంతోషించారు. మెకానిక్ ఒక్కడికే ఆ సంతోషం రాలేదు. వేడి తనంతట తాను ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటికే పోతుంది, ఎదురు నడవదు. ఒంటి వేడి ముప్పై ఏడు. చుట్టూ గాలి నలభై నాలుగుంటే ఒంట్లో వేడి బయటికి పోదు సరికదా, బయటిదే లోపలికి వస్తుంది. చెమట ఆరితే కొంత దారి దొరికేది. ఆవిరి నిండిన గదిలో చెమట ఆరదు. అలాంటిచోట ఫ్యాను చేసేదల్లా వేడిగాలిని మరింత తెచ్చి మీద పోయడమే.

ఈ రెండు నెలలూ మానేయమని అక్కను బతిమాలాడు.

"రెండు నెలలు ఇంట్లో కూర్చుంటే నా బల్ల ఇంకొకరిదవుతుందిరా," అందామె. "ఈ చేతులకి ఇంకో పని ఎవరిస్తారు?"

మర్నాడు ఎప్పటిలాగే పనికి వెళ్ళింది.

తరవాతి గురువారం, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, పెద్దక్క ఒకే చొక్కా కాలరు మీద పెట్టెను మళ్ళీ మళ్ళీ నడపడం బక్కమ్మ చూసింది. అయిపోయింది కదక్కా, ఇంకోటి తీసుకోమంది. పెద్దక్క తలెత్తి, ఆమెను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"బడి వదిలేశారు. తమ్ముడికి అన్నం పెట్టాలి," అంది.

బక్కమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. చెయ్యి పొడిగా ఉంది. ఆ గదిలో చెమట లేని మనిషి ఆమె ఒక్కతే. సూపర్‌వైజరు పరుగున వచ్చి, పాపం మంచి చేస్తున్నాననుకునే, ఆమెను తెచ్చి ఫ్యానుకు ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆసుపత్రి బండి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆసుపత్రిలో కొలిచినప్పుడు ఆమె ఒంటి వేడి నలభై రెండు దాటింది. పొద్దువాలకముందే పోయింది. గుండె ఆగి మరణించినట్టు కాగితంలో రాశారు. అది అబద్ధం కాదు. ఎవరు పోయినా గుండె ఆగే పోతారు.

మెకానిక్ ఆసుపత్రి వరండాలో ఉండగా మేనేజరు నాలుగుసార్లు ఫోను చేశాడు. పెద్దక్క సంగతి అతనికింకా చేరలేదు. మూడో అంతస్తులో రెండు ఏసీలు ఆగిపోయాయి, అందుకు చేశాడు. సందులో గాలి మరీ వేడెక్కితే యంత్రం తనను తాను ఆపేసుకుంటుంది. తయారుచేసినవాళ్ళు దానికి ఆ ఏర్పాటు ముందే చేసి పెట్టారు.

కంపెనీవాళ్ళు పెద్దక్క ఫొటో పెట్టి దండ వేశారు. మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు, అది నటన కాదు. ఆ తరవాత వారంలో ఏసీలు ఇంకో ఆరుసార్లు ఆగాయి. అప్పుడు కదిలారు. సందు కొసన పెద్ద రేకు గొట్టం పెట్టి, దానికి బలమైన ఫ్యాను బిగించి, వేడిగాలినంతా ప్రహరీ అవతలికి నెట్టాలని నిర్ణయించారు. ప్రహరీ అవతల ఒంటిగది ఇళ్ళ వరస ఉంది. వాళ్ళ పెరటి తలుపులన్నీ ఈ గోడవైపే. మెకానిక్ ఆ పని చేయనన్నాడు. ఇంకొకరు వచ్చి రెండు రోజుల్లో ముగించారు.

ఇస్త్రీ గదిలో నాలుగు డిగ్రీలు తగ్గింది. పెద్దక్క పోతూ పోతూ మాకు మేలు చేసిందని ఆడవాళ్ళు చెప్పుకున్నారు. ఆమె బల్ల దగ్గర ఒక కొత్త పిల్ల చేరింది. అవతలి ఇళ్ళవాళ్ళు పెరటి తలుపులు మూసుకున్నారు. మెకానిక్ ఇంటింటికీ తిరిగి, అర్జీ రాయించి, సంతకాలు పెట్టించి మునిసిపాలిటీ ఆఫీసులో ఇచ్చాడు. యంత్రాలన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయని జవాబు వచ్చింది. తలుపులు మూసే ఉన్నాయి.

ఆ జవాబు జేబులో పెట్టుకుని అతను తనకు పని నేర్పిన మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. మాస్టారు ఉద్యోగం మానుకుని చాలాకాలమైంది. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అతను కూర్చోలేదు.

"మీరు చెప్పిన పాఠం ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు సార్. మొత్తం తెలిసే బిగించాను. నా చేతులతోనే చంపుకున్నాను."

కాదని మాస్టారు ఓదార్చలేదు. అతను జేబులోంచి తీసిచ్చిన జవాబు కాగితం చదివాడు.

"వేడి మాయం కాదని చెప్పాను మీకు," అన్నాడు. "దాన్ని ఎదురు నడిపించాలంటే ఇంకొంత వేడి పుట్టక తప్పదనీ చెప్పాను. ముప్పై ఏళ్ళు బోర్డు మీద గది బొమ్మ గీశాను, గదిలోంచి వేడి పోయేవైపు బాణం వేశాను, బాణం చివర 'బయట' అని రాశాను. అక్కడ ఒక్కనాడూ మనిషిని గీయలేదు. తప్పు నీ ఒక్కడి చేతుల్లో లేదురా. నా పాఠంలోనూ ఉంది."

"ఇప్పుడు తెలిసి ఏం లాభం సార్?"

"ఏం లాభం లేదు. మీ అక్క రాదు, ఆ గొట్టం ఊడదు. అయినా నువ్వు పని నేర్పేవాళ్ళకి ఈ ఒక్క ముక్కా చెప్పు. మనం బయట అనుకునే చోటు ఎప్పుడూ ఎవరో ఒకరి ఇల్లే."