ట్రాష్‌లో పడ్డ హాల్ టికెట్

నేను ఒక హాల్ టికెట్‌ను. కాగితం ముఖం చూడకుండానే చెత్తబుట్ట పాలయ్యాను. మనుషుల గురించి నేను మర్యాదగా మాట్లాడతానని మాత్రం ఆశ పెట్టుకోకండి.

జమ్మలమడుగులో వరూధిని నన్ను తన ఫోన్లోకి డౌన్‌లోడ్ చేసుకుంది. టీచరు ఉద్యోగం పరీక్ష. వయసు దాటిపోతోంది, మళ్లీ రాసే వీల్లేదు. ఆరేళ్లుగా చదువుతున్న ఆ పిల్ల నన్ను చూసి ఫోన్‌ను కళ్లకద్దుకుంది. నాకు గర్వమనిపించింది.

ఆ ఇంట్లో ఫోన్లు రెండు, కంప్యూటర్ ఒకటి. వాటన్నిటికీ మెయిల్ అకౌంటు మాత్రం ఒక్కటే, ఎప్పుడో ఇంటర్నెట్ సెంటరువాడు తెరిచి ఇచ్చింది. దాంతో నేను క్లౌడ్ ఎక్కి, ఆమె అన్న చెన్నకేశవులు ఫోన్లోనూ, కంప్యూటర్లోనూ కనిపించాను.

"మూడు చోట్ల ఉండాది, ఇంగ బయమేముంది? ప్రింటు కడపలో పరీక్ష సెంటరు ముందర తీసుకుంటాలే," అంది వరూధిని. మూడు చోట్లా ఉన్నది నేనొక్కదాన్నేనని, ఒకచోట చంపితే మూడుచోట్లా పోతానని ఆ తెలివైన కుటుంబంలో ఒక్కరికీ తెలియదు.

పరీక్షనాడు పొద్దున ఆమె బస్సులో ఉండగా చెన్నకేశవులు ఫోన్ నిండిపోయింది. బండలాగుడు పోటీ వీడియో ఎక్కడం లేదట. నన్ను చూశాడు. నాలో చెల్లెలి ఫొటో కూడా చూశాడు. "దాని ఫోన్లో ఉంటాది గదా," అనుకుని బొటనవేలితో నొక్కి తీసేశాడు. ఆ వేలు పడిపోను!

సెంటరు ఎదుట జిరాక్స్ షాపులో వరూధిని ఫోన్ తెరిచింది. నేను లేను. సైటులో డౌన్‌లోడ్ ముందురోజే ఆపేశారు. అన్నకు ఫోన్ చేసింది.

"నేను తీసేసింది నా ఫోన్లోది! నీ ఫోన్ జోలికి నేనొచ్చినానా మ్మే?"

"కంప్యూటర్లో చూడున్నా, నీకు దండం పెడతా!"

"దాంట్లో గూడా లేదు. నువ్వే యాడనో పోగొట్టుకోని నా మీద పడతావేంది?"

నేనెక్కడికీ పోలేదు. ఆమె చేతిలోని ఫోన్లోనే, తీసేసినవన్నీ పడే ట్రాష్‌లో పడి ఉన్నాను. రెండుసార్లు నొక్కితే బయటికి వచ్చేదాన్ని. అక్కడ చూడాలని ఆమెకు తోచలేదు, షాపువాడికీ తోచలేదు. గేటు మూసేశారు.

ఇరవై రోజుల తర్వాత ఇంకేదో వెతుక్కుంటూ చెన్నకేశవులు ట్రాష్ తెరిచి, నన్ను బయటికి లాగాడు.

"చూడు మ్మే, దొరికింది! యాడికీ పోలేదని నేను జెప్పలా?" అంటూ ముఖం వెలిగించుకుని చెల్లెలి దగ్గరికి పరుగెత్తాడు.

ఆమె ఆ ఫోన్ అందుకుంది. నాలో ఉన్న తన ఫొటోను కాసేపు చూసింది. అన్నతో మాటలు మానేసి ఇరవై రోజులైంది. నన్ను తీసేసింది. నా వెంటే ట్రాష్‌లోకీ వచ్చింది.

"శాశ్వతంగా తొలగించాలా?" అని తెర అడుగుతోంది. ఆమె బొటనవేలు నా మీదికి దిగుతోంది. ఈ వేలిని మాత్రం నేను తిట్టలేను.