వెనక గది షరతు

మా గేటుకు నోటీసు పలక తగిలించి పందొమ్మిది రోజులైంది. ఇరవై ఎనిమిది రోజులు అది అక్కడే వేలాడాలి. మా స్థలం దస్తావేజులో ఎనభై ఏళ్ల కిందట రాసిన షరతును తీసేయమని పీటర్‌మారిట్జ్‌బర్గ్ మునిసిపాలిటీని అడుగుతున్నామని, అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చని అందులో ఉంది. షరతు చిన్నదే. స్థలంలో ఒక్క ఇల్లే ఉండాలి, వెనక గదిలో పనివాళ్లు మాత్రమే ఉండాలి. నల్లవాళ్లు ఈ వీధిలో స్థలం కొనకూడదన్న షరతు ఎప్పుడో చచ్చింది. దీనికి మాత్రం ఇంకా నూకలున్నాయి.

మాకేం మేడలు అక్కర్లేదు. వెనక గదిని వంటిల్లూ స్నానాలగదీ ఉన్న చిన్న ఇల్లు చేసి అమ్మను ఉంచుకోవాలి, అంతే. ఊళ్లో ఆమె గుడిసె వానలకు కూలింది. నా ఇంట్లో ఉండమంటే ఉండదు, ప్రస్తుతానికి ఆ వెనక గదిలోనే సర్దుకుంటోంది. జూలూ అత్తగారు అల్లుడి కప్పు కింద పడుకోదు, అతని ఎదుట తినదు. మా ఆయన మ్ఫనిసేని, పెరట్లోకి వెళ్లాలంటే గుమ్మంలో నిలబడి రెండుసార్లు దగ్గుతాడు. అది విని అమ్మ గదిలోకెళ్లి తలుపేసుకుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆయనకు క్షయ అనుకుంటారు.

గోడవతల మిసెస్ హాల్‌స్టెడ్ ఏటా మాకు నిమ్మకాయలిస్తుంది. అభ్యంతరం పెట్టింది కూడా ఆవిడే.

"మీ అమ్మంటే నాకు గౌరవమే, హ్లెంగివే. కానీ ఒక స్థలంలో రెండు సంసారాలైతే ఈ వీధి ఏమైపోతుంది? రేపు ప్రతివాడూ నాలుగిళ్లు కడతాడు."

"కట్టుకోనివ్వండి. ఉండేది మనుషులేగా."

"మనుషులే," అంటూ నిమ్మకాయల సంచి గోడ మీద పెట్టింది.

ఆ మంగళవారమే మునిసిపాలిటీ ఇన్స్పెక్టర్ వచ్చాడు. పేరు ఙ్గుబానే, మావాడే. షరతు పోకముందే వెనక ఎవరో కాపురం ఉంటున్నారని ఫిర్యాదు వచ్చిందట.

"వెనక ఎవరుంటున్నారక్కా?"

"మా..." అనబోయాను. ఆయన కలం పైకెత్తాడు.

"ఆలోచించి చెప్పండి. మీ అమ్మగారైతే రెండో ఇల్లు కింద రాయాలి, పదిరోజుల్లో ఖాళీ చేయించాలి. పనిమనిషైతే అది ఉత్త గది. నాకూ అత్తగారుందక్కా, తెలీక కాదు."

వెనక తలుపు తెరుచుకుంది. అమ్మ నీలం పని గౌను వేసుకుని, తలకు అదే రంగు గుడ్డ కట్టుకుని వచ్చింది. డర్బన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు తను పనిచేసిన ఇంటివాళ్లు ఇచ్చిన గౌను అది. ఇంకా దాచుకుందని నాకు తెలియదు.

"ఇక్కడుండేది నేనే నాయనా. పనిమనిషిని." తర్వాత నావైపు తిరిగి తల వంచింది. "టీ పెట్టమంటారా మేడమ్?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదో తెలియలేదు. కాదు, ఈమె నన్ను కన్న తల్లి అని అరవాలనిపించింది. అరిస్తే అమ్మ మళ్లీ ఆ కూలిన గుడిసెకే పోవాలి.

"పెట్టు," అన్నాను.

ఙ్గుబానే తల ఎత్తకుండా రాసుకున్నాడు. టీ కోసం ఆగలేదు.

సాయంత్రం లాయరుకు ఫోన్ చేస్తే ఆయన నిట్టూర్చాడు. "పనిమనిషని రికార్డులోకి ఎక్కాక, తల్లి కోసం షరతు తీసేయమని ఏ మొహంతో అడుగుతామమ్మా? దరఖాస్తు వెనక్కి తీసుకోండి." ఇరవయ్యో రోజున పలకను నా చేతుల్తో నేనే విప్పాను.

మిసెస్ హాల్‌స్టెడ్ గోడ మీదుగా మొహమంతా నవ్వుతో తొంగిచూసింది.

"వెనకుండే ఆవిడ మీ పనిమనిషట, ఇన్స్పెక్టర్ చెప్పాడు! మీ అమ్మే అప్పుడే వచ్చేసిందనుకున్నాను. ముందే చెప్పొచ్చుగా, నేను అడ్డం పడేదాన్నే కాదు. గురువారాలు ఖాళీగా ఉంటే నా బట్టలు ఇస్త్రీ చేసి పెడుతుందా?"

నేను నోరు తెరిచేలోపు కుళాయి దగ్గర్నుంచి అమ్మ అందుకుంది.

"గురువారం నాకు సెలవండీ."

మిసెస్ హాల్‌స్టెడ్ లోపలికి వెళ్లిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

"అమ్మా," అన్నాను.

అమ్మ గబగబా వచ్చి తడిచేత్తో నా నోరు మూసింది.

"గట్టిగా పిలవకే. గోడవతలకి వినబడుతుంది."

గుమ్మంలో మా ఆయన రెండుసార్లు దగ్గాడు. అమ్మ చెయ్యి తీసి, తన గదిలోకెళ్లి తలుపేసుకుంది.