సౌనా రాళ్ళ మీద బుష్

మా మామగారు ఆర్వో పోయినేడు తన పాత కారు మాకిచ్చేశారు. తాళాలు చేతిలో పెడుతూ "జాగ్రత్తగా చూసుకో" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నాతో ఒకేసారి అంత మాట్లాడటం అదే మొదలు.

ఈ వసంతంలో ఏటా జరిగే వాహన తనిఖీకి తీసుకెళ్తే, ముందు ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌లో, కుదుపులు ఆపే రబ్బరు బుష్ చిరిగిందని వెనక్కి పంపారు. సోమవారం మళ్ళీ చూపించాలి. ఈసారీ తప్పితే కారు తుక్కుకేనని నా భార్య ఐలా తేల్చి చెప్పింది. మామగారు గ్యారేజీకి ఫోన్ చెయ్యబోతుంటే, "ఎందుకండీ, నేను మార్చేస్తాగా" అన్నాను. గోడకు మేకు తిన్నగా కొట్టలేనివాణ్ణి. నోరు ఊరుకుంటేనా!

శనివారం పొద్దున కారును జాకీ మీద లేపి, ఆర్మ్ ఊడదీసి, వైస్‌లో బిగించాను. వారం వారం మా ఇంటి సౌనాలో ఆవిరి స్నానానికొచ్చే మామగారు ఆ రోజు పెందలాడే వచ్చి, మెట్ల మీద కాఫీ కప్పుతో కూర్చున్నారు. సుత్తితో బాదాను. స్పానర్ సాకెట్ ఒకటి ఆనించి నొక్కాను. బుష్ చెక్కుచెదరలేదు, నా బొటనవేలు మాత్రం ఉబ్బింది. అరిగిపోయినదానికి ఇంత మొండితనమేమిటని తిట్టుకున్నాను. ఆయన కప్పు నింపుకున్నారే తప్ప పెదవి విప్పలేదు. నేనూ తలెత్తలేదు. సాయం అడగడం కన్నా నీళ్ళలో మునిగిపోవడం నయమనుకునే జాతి మాది.

వేడి చేస్తే రబ్బరు పట్టు వదులుతుందని ఎక్కడో విన్నాను. ఓవెన్ తెరవబోతే ఐలా అడ్డుపడింది.

"ముందు ఫ్రీజర్‌లో బెర్రీల పక్కన ఆ రబ్బరు ముక్కలేంటో చెప్పు."

"కొత్త బుష్‌లు. చల్లబడితే కుంచించుకుపోయి తేలిగ్గా దూరతాయి."

"నీ బుర్ర కూడా అందులోనే పెట్టినట్టున్నావ్. ఓవెన్ జోలికొచ్చావో, చూడు!"

అప్పటికే సౌనా పొయ్యి మండుతోంది. దాని పైన, నీళ్ళు చల్లి ఆవిరి పుట్టించే రాళ్ళు నిప్పుల్లా కాలుతున్నాయి. వినాశకాలే విపరీతబుద్ధి. ఆర్మ్ తీసుకెళ్ళి ఆ రాళ్ళ మీద పెట్టాను. రబ్బరు కరిగి సందుల్లోకి కారింది. గదంతా నల్లటి పొగ కమ్మేసింది. తువ్వాలు చుట్టుకొచ్చిన మామగారు గుమ్మంలోనే ఆగిపోయారు. శనివారం సౌనా పాడుచేసినవాణ్ణి మా ఊళ్ళో దొంగకన్నా హీనంగా చూస్తారు.

అయినా, పట్టకారుతో ఆర్మ్ ఎత్తి విదిలిస్తే బుష్ ఊడి కిందపడింది. దగ్గుతూనే గంతేశాను.

"వచ్చేసింది మామయ్యా!"

ఆయన తాపీగా వంగి చూశారు. "ఇది మీకిచ్చేముందు నేను మార్పించిందే. చిరిగింది అవతలి వైపుది."

కారుకు ఎదురుగా నిలబడి నా ఎడమచేతి వైపు చక్రం విప్పానని అప్పుడు వెలిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులోంచే కోపమూ వచ్చింది.

"పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నారుగా! ఒక్క మాట చెప్పకూడదా?"

"నువ్వు అడగలేదుగా."

కొత్తవి జతగా కొన్నాను కాబట్టి రెండు వైపులా వెయ్యొచ్చు, ఇంకా ఆశ ఉంది. కాని నా ఒక్కడివల్ల కాదు. పట్టకారు కింద పెట్టాను.

"మామయ్యా, కాస్త సాయం చేస్తారా?"

ఆయన తువ్వాలు బిగించుకున్నారు. "ఈ పని నాకూ అంతంతమాత్రమే వచ్చోయ్. మా మామ కారు బాగుచేస్తానని నేనూ ఇలాగే ఎగబడ్డా. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు."

"మరి కారేమైంది?"

"తుక్కుకి పోయింది. ఆయన పోయేదాకా మాకు మాటల్లేవు. పద, ప్యాంటేసుకొస్తా."