అటక మీది సైప్రస్ పలకలు

చిలీ దేశపు చిలోయె దీవిలో ఇల్లు మారడమంటే సామాను మోసుకుపోవడం కాదు, ఇంటినే మోసుకుపోవడం. కిందటేడు ఊరంతా కలిసి డెల్ఫీన్ చెక్క ఇంటిని ఎనిమిది జతల ఎడ్లతో ఒడ్డునుంచి గట్టు మీదికి లాగింది. ముందు నడిచి దారి చూపిన పెద్దమనిషి డెల్ఫీనే. ఆపిల్ సారా రెండు గ్లాసులు ఎక్కువై, చివరి మలుపులో ఇంటిని అటుదిటు చేసి నిలిపించాడు. మగాడి తెలివి అలా ఏడిచింది. పెళ్ళాం ఒర్ఫెలినా పడుకునే గదికి సముద్రం వైపు వట్టి గోడే మిగిలింది. ఆమె ఒక్క మాటా అనలేదు. అనలేదు గదా అని ఇతనూ ఊరుకున్నాడు.

ఇప్పుడామె మంచం దిగడం లేదు. ఊపిరితిత్తులు పోయాయని, ఎంతోకాలం లేదని నర్సమ్మ చెప్పేసింది. ఆ గోడకు కిటికీ పెట్టి తీరాలని డెల్ఫీన్ పట్టుబట్టాడు.

ఒర్ఫెలినా తమ్ముడు అర్సేనియో అప్పుడే కొట్టిన కలప మోసుకొచ్చాడు. "మూలలకి మేకులు కొట్టేద్దాం బావా. సాయంత్రానికి అయిపోద్ది."

"పచ్చిదిరా. మూడు వారాల్లో మెలి తిరిగిపోద్ది. రెక్క తెరుచుకోదు."

"మూడు వారాలు చాలవా?"

అన్నాకగాని తానేమన్నాడో అర్సేనియోకి తెలియలేదు. తల వంచుకున్నాడు. డెల్ఫీన్ అటకెక్కాడు. అక్కడ చావుపెట్టెల కోసం ఇరవయ్యేళ్ళుగా ఆరబెట్టిన సైప్రస్ పలకలు రెండు దొంతరలున్నాయి. ఒకటి ఆమెది, ఒకటి తనది. తనది దింపాడు.

ఇనుప మేకు ఒక్కటీ కొట్టలేదు. ఉప్పుగాలికి అది తుప్పు పట్టి కలపనూ పాడుచేస్తుంది. ఒక కొయ్య కొసను సన్నటి నాలుకలా, కుసిగా చెక్కి, రెండోదాని బెజ్జంలో దించి, అడ్డంగా కొయ్య చీల బిగించాడు. వదులనిపించిన మూలను విప్పి మళ్ళీ చెక్కాడు. మూడు రోజులు పట్టింది. పక్కగదిలో దగ్గు ఆగితే చాలు, ఇతని చెయ్యీ ఆగిపోయేది.

నాలుగోనాటి పొద్దున గోడ కోసి, కిటికీ బిగించి, రెక్క తెరిచాడు. ఒర్ఫెలినా ముందు వాసన పట్టింది.

"సైప్రస్ కదూ. నా పలకలా?"

"నావి."

"మరి నీకో?"

"నాకేం, వేరేవి ఆరబెట్టుకోడానికి బోలెడు టైముంది," అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆమె పక్కకు ఒత్తిగిల్లింది. సముద్రం వెనక్కి తగ్గి ఉంది. బురదలో ఆడవాళ్ళు ఆల్చిప్పలు ఏరుతున్నారు. చాలాసేపు చూసింది.

"ఆ గోడ చూసినప్పుడల్లా నిన్ను తిట్టుకున్నానయ్యా, తాగుబోతు సచ్చినోడా అని. పైకి అనలేదంతే."

"అనాల్సింది."

"అనుంటే అప్పుడే పెట్టేవాడివి. ఏడాదంతా చూసుండేదాన్ని."

డెల్ఫీన్ మంచం పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసింది గాని, చూపు మాత్రం కిటికీ నుంచి తిప్పలేదు.