బొడ్డు కింద కొలత

నేను ఒక టేపును. అరవై అంగుళాల పసుపుపచ్చ పట్టీ, దాని మీద నల్లటి అంకెలు, రెండు కొసలకూ ఇత్తడి రేకులు. బెజవాడ వన్‌టౌన్‌లో కొన్న రోజు నుంచి గుడివాడ టైలరు మస్తాన్ మెడలోనే ఉన్నాను. మగవాళ్లు అద్దం ముందు పొట్ట బిగబట్టి నిలబడతారని అక్కడే తెలిసింది. అబద్ధం ఆడటం నాకు చేతకాదు. కాకపోతే నన్ను ఎక్కడ చుట్టాలో నిర్ణయించేది నేను కాదు కదా!

ఎరువుల షాపు కోదండపాణిగారి నడుము పెళ్లి ప్యాంటు కుట్టించుకున్న నాటికి ముప్పై ఆరు. తర్వాత ఆయన పొట్ట ముందుకొచ్చింది, ప్యాంటు కిందికి జారింది. మస్తాన్ కూడా నన్ను కొంచెం కొంచెంగా కిందికి దించి, బొడ్డు కింద చుట్టి, "ముప్పై ఆరే పాణిగారూ!" అనేవాడు.

"చూశావా, ఇరవై ఏళ్లుగా మారలేదు. ఇది పొట్ట కాదు మస్తానూ, హోదా!" అంటూ పాణిగారు పొట్ట నిమురుకునేవారు.

చొక్కాకు మాత్రం మస్తాన్ పొట్ట కొలవకుండా అంచనాగా వదులు పెట్టేసేవాడు. వచ్చినవాళ్లను నొప్పించకపోవడం అతని పనితనంలో భాగం.

కిందటి వేసవిలో ఎదుటి కల్యాణమండపంలో వైద్యశిబిరం పెట్టారు. టేపు మరిచిపోయి వచ్చిన నర్సు మస్తాన్‌ను అడిగి నన్ను తీసుకెళ్లింది. వరుసలో పాణిగారి వంతు వచ్చినప్పుడు బొడ్డు మీదుగా చుట్టింది. ఆయన ఒంటి మీద ఆ చోటు తాకి నాకు చాలా ఏళ్లయింది.

"నలభై నాలుగు."

"పొరపాటమ్మా, నాది ముప్పై ఆరు. అడుగో, మా టైలర్నే అడుగు!"

గుమ్మంలో నిలబడ్డ మస్తాన్ తల దించుకున్నాడు.

"మగవాళ్లకు కొవ్వు ఎక్కువగా పొట్టలోనే చేరుతుందండీ," అన్నాడు డాక్టరు. "పెద్దపేగు, కాలేయం, కిడ్నీ క్యాన్సర్ల ముప్పు పెంచుతుంది. మీకు వస్తుందని అనను. ఒకసారి ఈ పరీక్ష చేయించుకోండి."

పాణిగారు డాక్టరు రాసిచ్చిన చీటీ మడిచి జేబులో వేసుకున్నారు. "ప్యాంటు సైజు తెలియనివాళ్లు క్యాన్సర్ సంగతి చెబుతారట!" వరుసంతా నవ్వింది.

ఈ కార్తీకంలో ఆయన భార్య హైమావతితో కలిసి నాలుగు ప్యాంట్లు తెచ్చారు.

"బిగించాలోయ్. నడక లేదు, పథ్యం లేదు. దానంతటదే తగ్గింది!"

మస్తాన్ నన్ను చుట్టాడు. ముప్పై రెండు దగ్గర కూడా వదులుగా వేలాడాను.

"అన్నం సయించట్లేదు అన్నయ్యా," హైమావతి గొంతు తగ్గించింది. "దొడ్డికెళితే రక్తం కూడా..."

"నువ్వుండవే!"

మస్తాన్ ప్యాంట్లు తీసుకుని కొక్కేనికి తగిలించాడు. "బిగించను. ముందు శిబిరంలో డాక్టరు రాసిన ఆ పరీక్ష చేయించుకు రండి. ఇన్నేళ్లూ పొట్ట వదిలేసి కొలిచింది నేనే పాణిగారూ."

పాణిగారి చేయి అలవాటుగా పొట్ట మీదికి వెళ్లింది. నిమరలేదు. అక్కడే ఆగిపోయింది.

పాణిగారు పరీక్షకు వెళ్తూ ఎరువుల షాపు షట్టరు దించి పదకొండు రోజులైంది. ప్యాంట్లు కొక్కేనికే ఉన్నాయి. మస్తాన్ ఇప్పుడు అందరినీ బొడ్డు మీదుగా కూడా కొలిచి, అంకె పైకి చెబుతున్నాడు. కొందరు అలిగి వేరే టైలరు దగ్గరికి పోతున్నారు.

నేనూ ముసలిదాన్నయ్యాను. వేళ్ల రాపిడికి నా మీద ముప్పై ఆరు దాదాపు చెరిగిపోయింది. నలభై నాలుగు మాత్రం కొన్ననాటి నలుపుతో అలాగే ఉంది.