లీడ్స్‌లో రెండు గదులు

చదివేవాళ్లు క్షమించాలి. నేను అక్షరాలు నేర్చుకున్నదే పెద్దతనంలో. ఒత్తులు ఎక్కడో తప్పి ఉంటాయి, దీర్ఘాలు మరిచి ఉంటాను. మెల్లగా రాశాను, మీరూ మెల్లగానే చదవండి.

పోలీస్ యాక్షన్ అయిన నాలుగేళ్లకు, నాంపల్లి స్టేషన్ వెనక సందులో సమ్మక్క కాపురం ఉండేది. సిద్దిపేట వైపు పల్లె నుంచి వచ్చిన పిల్ల. పెళ్లై ఇంకా ఏడాది నిండలేదు. భర్త ఇంద్రసేన రోడ్ల ఇంజనీరు. చిన్నతనంలోనే తండ్రి పోతే హాస్టళ్లలో పెరిగి చదువుకున్నాడు. అతనికి ఇంగ్లండులోని లీడ్స్‌లో రెండేళ్లు చదవడానికి సర్కారు స్కాలర్‌షిప్ వచ్చింది.

ఆ ఊళ్లో చదివి వచ్చిన వామన్‌రావు సారు ఒక ఆదివారం ఇంటికి వచ్చాడు. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ చెప్పాడు.

"ముందుగాల ఉండే జాగ చూసుకో ఇంద్రసేనా. యుద్ధంల బాంబులు పడి ఆ దేశంల మస్తు ఇండ్లు కూలినయ్. కిరాయికి దొరుకుడే కష్టం. నా ఎరుకల రెండున్నయ్. ఒకటి హాస్టల్. ఒక గది, ఒక మంచం, తిండి వాళ్లే పెడ్తరు. ఇంకోటి ఒక ముసలామె ఇల్లు. పైన రెండు గదులు, వంటకు పొయ్యి. ఆమె ఆలుమగలకే ఇస్తది. ఏదో ఒకటి తేల్చుకో, తార్ కొట్టాలె, టెలిగ్రాం."

"మా సమ్మక్కను తోల్కపోతే గా సలికి దీని చీర కర్రలెక్క నిలబడ్తది," అంది అత్తగారు జయమ్మ.

"సలికి ఏంగాదమ్మా. గాడ మా దోస్తు పెండ్లాం పుంటికూర దొర్కలేదని ఏడ్చింది గానీ, సలికి ఏడ్వలేదు."

తలుపు చాటున సమ్మక్క నవ్వు ఆపుకుంది. ఓడ ఖర్చు తాను పెడతానని ఆమె తండ్రి అప్పటికే కబురు చేశాడు. ఆ రోజు నుంచి ఆమె ఆ రెండు గదుల్లోనే ఉంది. బియ్యం ఏరుతూ పొయ్యి ఏ మూల పెట్టాలో చూసుకుంది. బట్టలు ఆరేస్తూ, అక్కడ తాడు ఏ కిటికీ నుంచి ఏ కిటికీకి కట్టాలో ఆలోచించింది. ఈ నాంపల్లి ఇంట్లో మొగుడితో నాలుగు మాటలు మాట్లాడాలన్నా మధ్యలో పల్చటి పరదా ఒకటే అడ్డం. అక్కడ తలుపులుంటాయి.

గురువారం సాయంత్రం ఇంద్రసేన ఆమెను ఆబిడ్స్ తీసుకుపోయాడు, ఉన్ని కోటు కొనాలని. ముందు ఇరానీ హోటల్లో ఆడవాళ్లు కూర్చునే పరదా గదిలో చాయ్ చెప్పాడు. చెంచాతో కప్పు అంచు తడుతూ అడిగాడు.

"ఏంది మరి, నువ్వు గూడ వస్తవా?"

ఆమె తల వంచుకుంది.

"నాకెందుకు తియ్యుండ్రి. మీరు పోయిరాండ్రి."

సమ్మక్క పుట్టింట్లో ఆడపిల్ల ఏ మాటకూ మొదటిసారే సరే అనదు. అన్నం వడ్డిస్తే వద్దంటుంది. కొత్త చీర చూపిస్తే ఉన్నవి చాలంటుంది. రెండోసారి అడిగితే మాట్లాడకుండా ఉంటుంది, మూడోసారికి ఒప్పుకుంటుంది. మనసున్నవాళ్లు మళ్లీ అడుగుతారు, అడగలేదంటే వాళ్లకే ఇష్టం లేదని అర్థం, నువ్వు నోరెత్తొద్దు అని తల్లి నేర్పింది.

ఇంద్రసేన చెంచా సాసర్‌లో పెట్టాడు. "సరే," అన్నాడు.

సమ్మక్క ఎదురుచూసింది. కోటు దుకాణంలో సేటు ఆమె వైపు చూసి "బహూకు గూడ చూపించాల్నా సాబ్?" అన్నప్పుడు మొగుడి వైపు తిరిగింది. "వద్దు, ఒక్కటే," అన్నాడు ఇంద్రసేన. పోస్టాఫీసు దగ్గర "జర గీడనే నిలబడు" అని లోపలికి పోయి వచ్చాడు.

"తార్ కొట్టిన. హాస్టలే తీసుకున్న."

ఆయనకు నేను అక్కర్లేదు అనుకుంది. "మంచిగైంది. తిండికి తిప్పలుండది," అంది.

ఇంటికి రాగానే జయమ్మ కోటు తడిమి చూసింది. "నీదేదే?"

"నేను పోతలేను అత్తమ్మా."

"వాడు అడగలేదా?"

"అడిగిండు. వద్దన్న."

"ఎన్నిసార్లు అడిగిండు?"

"ఒక్కసారే."

జయమ్మ చేతిలో కోటు అలాగే ఉండిపోయింది. ఆమెదీ పల్లె పుట్టుకే. "అయ్యో బిడ్డా," అంది. "వాడు హాస్టళ్ల పెరిగిండే. గాడ బంతిల కూసుంటే గిన్నె పట్టుకొచ్చెటోడు ఒక్కసారే అడుగుతడు. వద్దంటే పక్కోని కాడికి పోతడు. వానికి గదే తెలుసు."

కొడుకును పిలిచి చెప్పింది. ఇంద్రసేన చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వామన్‌రావు సారు ఇంటికి పరుగెత్తాడు. తెల్లారి ముసలామెకు తార్ పోయింది. జవాబు వచ్చేదాకా సమ్మక్క దేవుడి ముందు దీపం కొండెక్కనివ్వలేదు. గదులు సిలోన్ నుంచి వచ్చిన దంపతులకు ఇచ్చేశానని జవాబు. వామన్‌రావు సారు తెలిసినవాళ్లందరినీ అడిగి చూశాడు. ఆలుమగలకు ఎక్కడా ఖాళీ లేదు.

ఆ సాయంత్రం పరదా వెనక ఇద్దరూ మొదటిసారి పోట్లాడుకున్నారు.

"నోరు తెరిచి వస్తనంటే నీ సొమ్మేం పోయింది? నాతోని ఉండుడు నీకు ఇష్టం లేదనుకున్న."

"ఇంకోపారి అడిగితే మీ నోరేమన్న అరుగుతుండెనా? నేనే మీకు బరువనుకున్న."

"నాకెట్ల తెలుస్తది సమ్మక్కా?"

"నాకు మాత్రం ఎట్ల తెలుస్తది?"

తర్వాత అతను ఆమె చేతులు పట్టుకున్నాడు. పరదా అవతల నేనున్నానన్నట్టు దగ్గుతున్న జయమ్మ ఇప్పుడు లేచి బయటికి పోయి గడప మీద కూర్చుంది.

బొంబాయి బండి ఎక్కే రోజు నాంపల్లి ప్లాట్‌ఫాం మీద చుట్టాలందరూ దండలతో వచ్చిన్రు, ఫొటోలు దిగిన్రు అని చుట్టుపక్కల చాలా రోజులు చెప్పుకున్నారు. సమ్మక్క జనం వెనకాల నిలబడింది. ఇంద్రసేన కిటికీలోంచి ఆమెను వెతుక్కుంటున్నాడు. గార్డు ఈల వేశాడు. బండి కదిలింది.

అప్పుడు సమ్మక్క జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. కొంగు జారినా చూసుకోలేదు. పెద్దవాళ్లున్నారని చూడలేదు. ఎవరూ ఏమీ అడగలేదు.

"నేను గూడ వస్త!" అని గట్టిగా అరిచింది. "ఇంటున్నరా, నేను గూడ వస్త!"

కూలీలు తిరిగి చూశారు. ఇంద్రసేన కిటికీ ఊచలు పట్టుకుని, వినబడిందన్నట్టు తల ఊపుతూనే ఉన్నాడు. కోడలు వీధిలో గొంతెత్తితే ఒప్పుకోని జయమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "అను బిడ్డా, ఇంకోసారి అను," అంది. కానీ బండి అప్పటికే మలుపు తిరిగింది.

— గుండ్ల కొండమ్మ, అరవై ఎనిమిదేళ్లు, కాచిగూడ.