ఆరో పిన్ను

ముత్తుకూరు చర్చి హాల్లో చేపల పులుసు గిన్నె మూత తీయగానే అందరికీ ఆకలి పుట్టింది, జీవానందానికి మాత్రం గుండెదడ పుట్టింది. భోజనానికి ముందు ప్రార్థన ఆయనే చెయ్యాలి. అందులోనే తన తప్పు ఒప్పుకోవాలని నెల క్రితమే తీర్మానించుకున్నాడు.

డెబ్బయ్యొకటి యుద్ధంలో ఒకే బాంబర్ దళంలో పనిచేసినవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు కలిసి పాతికమంది వచ్చారు. చక్రాల కుర్చీలో ఉన్న పైలట్ కామాక్షయ్య గారికి ఎనభై నాలుగేళ్లు. నావిగేటర్ హెన్రీ పోయి రెండేళ్లయింది, ఆయన భార్య కెజియా వచ్చింది. జీవానందం అప్పట్లో వాళ్ల విమానానికి బాంబులు ఎక్కించేవాడు.

బాంబుకో పిన్ను. పిన్నంటే చీరకు పెట్టుకునేది కాదు లెండి, ఎర్రగుడ్డ తోక కట్టిన జానెడు ఇనప చువ్వ. అది ఉన్నంతసేపూ బాంబు పేలదు. విమానం కదిలేముందు అన్నీ లాగి, పైలట్‌కు ఎత్తి చూపి లెక్క చెప్పాలి. ఆయన బొటనవేలు ఎత్తాలి. అదీ పద్ధతి. ఆ సాయంత్రం హడావుడిలో జీవానందం గుత్తి ఎత్తి "ఆరు సార్" అనేశాడు. విమానం ఎగిరాక చూసుకుంటే ఐదే ఉన్నాయి.

ఆరో బాంబు పిన్నుతోనే ఏ రైతు పొలంలో పడిందో, ఎర్రగుడ్డ చూసి ఏ పిల్లవాడు లాగాడో అన్న దిగులు యాభై ఏళ్లకు పైగా ఆయన్ను కొరుక్కు తింటోంది. భార్య ఎలిశబెతుకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"ఏమయ్యా, పులుసు చల్లారినాక మొదలుపెడతావా?" అని గొణిగింది ఆవిడ.

జీవానందం కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ ఆహారానికి స్తోత్రం" అన్నాడు, అక్కడినుంచి నేరుగా రన్‌వే మీదికి పోయాడు. పది నిమిషాలైనా ఆమెన్ రాలేదు. వెనక ఎవరో దగ్గారు.

"ఒక పిన్ను నేను లాగలేదు తండ్రీ. కామాక్షయ్య సారుకి తప్పు లెక్క చెప్పినాను," అన్నాడు.

ఎక్కడో తాళాలు గలగలమన్నాయి. ప్రార్థన మధ్యలో కళ్లు తెరవకూడదు, అయినా తెరిచాడు. ఎదురుగా కెజియా నిలబడి ఉంది. చేతిలో ఇంటి తాళాలగుత్తి, అవి వేలాడుతున్నది జానెడు చువ్వకు. దాని చివర వెలిసిపోయిన గుడ్డ పేలిక.

"ఇదే గదన్నా నువ్వు వెతికేది? నువ్వు చివరిది లాగతా ఉంటే, ట్రాలీ మీద పెట్టినవాటిలో ఒకటి మా ఆయన జేబులో వేసుకున్నాడంట. ఇది దగ్గరుంటే క్షేమంగా తిరిగొస్తానని ఆయన నమ్మకం. తెలిస్తే నువ్వు తిడతావని చెప్పలేదు."

జీవానందం ఏడ్చాడు, నవ్వాడు. "హెన్రీ సారూ, మీ దుంప తెగ," అన్నాడు. పోయిన ఆఫీసరును, అదీ ప్రార్థనలో ఉండగా.

కెజియా తాళాలన్నీ ఊడదీసి పిన్ను చేతిలో పెట్టింది. ఆయన వెళ్లి, చక్రాల కుర్చీ ముందు నడుం నిటారుగా నిలిపి, దాన్ని పైకెత్తాడు.

"ఆరు సార్."

కామాక్షయ్య గారు ఈసారి కళ్లజోడు సరిచేసుకుని తీరిగ్గా చూశారు. తర్వాత బొటనవేలు ఎత్తారు.

"ఆమెన్," అన్నాడు జీవానందం.